పిల్లలు లేరంటే పరీక్షలన్నీ ఆమెకేనా? మగవారి జన్యు పరీక్షల గురించి ఇవి తెలుసుకోండి

పెళ్లై రెండేళ్లయినా పిల్లలు లేకపోతే మన ఇళ్లలో ముందు ఆస్పత్రి మెట్లెక్కేది కోడలే. స్కానింగ్‌లు, హార్మోన్ పరీక్షలు, మందులు.. అన్నీ ఆమెకే. కానీ సంతానలేమి కేసుల్లో దాదాపు సగం వాటిలో మగవారి వైపు కూడా సమస్య ఉంటుంది. అందులో కొంత భాగానికి కారణం జన్యువులు. అది ఎవరి తప్పూ కాదు.

అసలు జన్యు కారణం అంటే?

ముఖ్యంగా మూడు. ఒకటి, క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. అంటే ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండటం. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. రెండు, వై క్రోమోజోమ్‌లో ఏజెడ్ఎఫ్ అనే భాగం నుంచి చిన్న ముక్కలు లేకపోవడం. మూడు, సీఎఫ్‌టీఆర్ జన్యువులో మార్పుల వల్ల వీర్యకణాలను మోసే నాళాలు పుట్టుకతోనే లేకపోవడం.

అన్ని జాతుల్లో ఒకేలా ఉంటుందా?

ఉండదు. వై క్రోమోజోమ్‌లో ‘జీఆర్-జీఆర్’ అనే చిన్న లోపాన్నే చూడండి. యూరప్ అధ్యయనాల్లో ఇది వీర్యకణాలు తగ్గే ముప్పును పెంచుతుందని తేలింది. జపాన్‌లో మూడో వంతు మగవారికి ఉండే ఒక వై వంశశాఖలోనైతే ఇది అందరికీ ఉంటుంది. అయినా వాళ్లు మామూలుగానే తండ్రులవుతున్నారు. సీఎఫ్‌టీఆర్‌లోనూ అంతే. యూరోపియన్లలో ఎక్కువగా కనిపించే మార్పు వాటా భారతీయుల్లో తక్కువ. వాళ్ల జాబితా ప్రకారం చేసిన పరీక్షలో ‘ఏమీ లేదు’ అని వచ్చినా, మనకు లోపం లేదని ఖాయంగా చెప్పలేం.

అందుకే మన దగ్గర జరిగిన పరిశోధనలు ముఖ్యం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు వీర్యంలో కణాలే లేని 340 మంది భారతీయులను పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 8.5 శాతం మందికి వై క్రోమోజోమ్‌లో లోపాలు కనిపించాయి. అంటే దాదాపు 12 మందిలో ఒకరికి.

మీరు ఏం చేయాలి?

* ముందు వీర్య పరీక్ష చేయించుకోండి. తేడా వస్తే కొన్ని వారాల తర్వాత మరోసారి చేయించుకోవాలి.
* కణాలు అసలు లేకపోయినా, మిల్లీలీటరుకు 50 లక్షల కంటే తక్కువ ఉన్నా కార్యోటైప్, వై మైక్రోడిలీషన్ పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి.
* వృషణం నుంచి కణాలు తీసే ఆపరేషన్‌కు ముందే ఈ రిపోర్టు చేతిలో ఉండాలి. ఏజెడ్ఎఫ్-ఏ లేదా బీ భాగం పూర్తిగా లేకపోతే ఆపరేషన్ చేసినా కణాలు దొరికే అవకాశం దాదాపు లేదు. నొప్పి, ఖర్చు రెండూ మిగులుతాయి. సీ భాగం మాత్రమే లేకపోతే సుమారు సగం మందిలో దొరుకుతాయి.
* వై లోపంతో ఇక్సీ పద్ధతిలో కొడుకు పుడితే ఆ లోపం అతనికీ వస్తుంది. ముందే జన్యు కౌన్సెలింగ్ తీసుకోండి. ఈ కారణం చెప్పి ఆడపిల్లే పుట్టేలా చేస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు. లింగ ఎంపిక చట్టప్రకారం నేరం.
* 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఐవీఎఫ్ కేంద్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బు కట్టే ముందే ఆ నంబరు అడగండి.

భార్య వంద పరీక్షలు చేయించుకునే ముందు భర్త ఒక్క వీర్య పరీక్ష చేయించుకుంటే చాలు. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి సాగే నిందలు అక్కడే ఆగుతాయి.