కూడలిలో సైకిలునకును చోటు కావలెను

రాయపూరు నగరమునుండి బలౌదాబజారునకు పోవు రహదారిపై, పండ్రి బట్టల బజారును దాటిన పిమ్మట మోవా వచ్చును. అచట రైలుమార్గముమీదుగా వంతెన కలదు. వంతెన దిగు వాలులో బండ్లకు వేగము హెచ్చును. ఆ వేగముతోనే అవి ప్రక్కత్రోవలు వచ్చి కలియు జనసమ్మర్దములోనికి ప్రవేశించును. 2000వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర మేర్పడి రాయపూరు రాజధానియైన నాటనుండి నగరమున మోటారు వాహనములు మిక్కిలి పెరిగినవి. అయినను కూలిపనికి పోవువారును, బడిపిల్లలును సైకిలునే నమ్ముకొనియున్నారు. తొమ్మిదవ తరగతి చదువు పేద బాలికలకు రాష్ట్రప్రభుత్వము సరస్వతీ సైకిల్ యోజన క్రింద ఉచితముగా సైకిళ్ళిచ్చుచున్నది. సైకిలిచ్చుటతోనే ప్రభుత్వ ధర్మము తీరునా? ఆ బాలిక దానిపై కూడలిని క్షేమముగా దాటి బడికి చేరినప్పుడే గదా పథకము సఫలమగుట!

తిన్నని దారిలోకంటె కూడలిలో అపాయ మెక్కువ. ఎడమకు తిరుగు లారీ, తన ప్రక్కనే నేరుగా పోవు సైకిలును నలిపివేయవచ్చును. లారీకి ఎడమవైపున ముందు చక్రముదాపున నున్నవారు డ్రైవరుకు కనబడరు. కుడివైపునకు తిరుగగోరు సైకిలువాడు దారి నడుమకు పోయి, ముందువెనుకల బండ్ల మధ్య చిక్కుకొనును. వేగము ఈ రెండు అపాయములను పెంచును. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు, డ్రైవరు ప్రమాదమును గుర్తించిన తరువాత నిలుచుటకు సుమారు 13 మీటర్లు పట్టును. 50 కిలోమీటర్ల వేగమైనచో ఆ దూరము ఇంచుమించు రెట్టింపగును.

సైకిలు తొక్కువారు పాటింపదగిన పద్ధతులు కొన్ని కలవు. కుడికి తిరుగుట రెండు అంచెలుగా చేయవలెను. మొదట ఎడమ అంచుననే నేరుగా సాగి కూడలి నావలి ప్రక్కకు చేరవలెను. అచట ఆగి, సైకిలును కుడివైపునకు త్రిప్పి, అడ్డువీధి బండ్లకు దారి దొరకినప్పుడు వానితోపాటు సాగవలెను. లారీకిగాని బస్సుకుగాని ఎడమప్రక్కన నిలువరాదు. వెనుకనే ఆగుట మేలు. రద్దీ మితిమీరినప్పుడు దిగి, తెల్లచారలమీదుగా సైకిలును నడిపించుకొనిపోవుట పిరికితనము కాదు. బ్రేకులు పట్టునట్లును, రాత్రివేళ దీపము వెలుగునట్లును చూచుకొనవలెను. హెల్మెట్ ధరించుట మంచిది.

ఐతే ప్రమాదము జరిగిన ప్రతిసారియు సైకిలువాని అజాగ్రత్తనే నిందించుట న్యాయము కాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 4,800 మందికి పైగా సైకిలు తొక్కువారే. పదునాలుగేండ్ల పిల్ల చేయు చిన్న పొరపాటునకు ప్రాణమే మూల్యముగా గొను కూడలి, నిర్మాణములోనే లోపము గల కూడలి. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేర్చిన 198ఎ సెక్షను ఈ సత్యమును గుర్తించినది. నిర్ణీత భద్రతా ప్రమాణముల ప్రకారము రోడ్డును కట్టక, నిర్వహింపక, ఆ కారణమున మరణముగాని అంగవైకల్యముగాని కలిగినచో, బాధ్యులైన అధికారులకును కంట్రాక్టరులకును లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును.

చేయవలసిన పనులు అసాధ్యములు కావు. ఎడమకు తిరుగు మూలను ఇరుకుగా కట్టినచో బండ్లు వేగము తగ్గించుకొనక తప్పదు. మోటారుల ముందు సైకిళ్ళు నిలుచుటకు వేరు గీత గీయవచ్చును. సిగ్నలులో వానికి కొన్ని సెకనులు ముందుగా దారి ఈయవచ్చును. వంతెన వాలు ముగియుచోట వేగమును 30 కిలోమీటర్లకు పరిమితము చేయవచ్చును. నెదర్లాండ్స్ దేశమున 1970వ దశాబ్దమున రోడ్లపై పిల్లలు మరణించుటచూచి ప్రజలు వీధులకెక్కిరి. తదనంతరము ఆ దేశము సైకిళ్ళకు వేరు బాటలను, సురక్షితమైన కూడళ్ళను నిర్మించుకొన్నది.

ఇది ఆరోగ్యవిషయము కూడ. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు మితమైన వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించుచున్నది. పనికి పోవుటకు పదునైదు నిమిషములు, వచ్చుటకు పదునైదు నిమిషములు వారమున ఐదు దినములు సైకిలు తొక్కువారికి ఆ వ్యాయామము ఖర్చులేకయే సమకూరును. కూడలికి వెరచి సైకిలును మూలకు చేర్చినవారు ఆ లాభమును కోల్పోదురు. మోవావంటి చోట్ల పురపాలకులును, పోలీసువారును, పాఠశాలల పెద్దలును కలిసి ఒక ఉదయము బడివేళ కూడలిలో నిలిచి, పిల్లలు దాటు తీరును కన్నులార చూడవలెను. ఏ మూలను సరిచేయవలెనో అప్పుడే తేలును.