పిల్ల కానాగంత ఎవరి పాలు?

కానాగంతకు శాస్త్రజ్ఞులు వాడే 'కనగుర్త' అన్న పేరు మన విశాఖ తీరానిదే. లెక్క మాత్రం మన చేతిలో లేదు. నెలనెలా రేవులో చేపల పొడవు కొలిచి, గుంపు ఎంత పెరిగిందో చూసి ఎదుగుదల, పెద్దవి ఎంత తగ్గాయో చూసి చావులు కడతారు. అందులో సహజంగా చచ్చేవి తీసేస్తే మిగిలింది వల పాలు. పెద్ద చేప మన వల అందని చోటికి పోయినా లెక్కలో చచ్చినట్టే! అందుకే ఆ కొలతల దగ్గర మత్స్యకారుణ్ణి కూర్చోబెట్టాలి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పడవ కట్టేసి కూర్చునేది అతనే కదా.

వేట మొదలయ్యాక చిన్నకన్ను వలలు పిల్లచేపను ఊడ్చి చేపపొడి మిల్లుకు చేరుస్తున్నాయి. రైతు సోదరులారా, ఆ పొడి మన రొయ్యల మేతలోనూ ఉంటుంది. కేరళ 2015లోనే 14 సెంటీమీటర్ల లోపు కానాగంత పట్టొద్దని నిబంధన తెచ్చింది. ఇక్కడా ఆ కొలబద్ద పెట్టాలి, ముందు మిల్లు గేటు దగ్గర.