గగనరక్షకునకు గేటుకావలియేనా?

మా పట్టణమున ఒక తొమ్మిదంతస్తుల భవనముకడ రాత్రి ఎనిమిది గంటలు మొదలుకొని ఉదయము ఎనిమిది గంటలవరకు ఒక మనుష్యుడు కావలియుండును. వచ్చిపోవు బండ్ల నంబరులు పుస్తకమున వ్రాయుట, ఆలస్యముగా వచ్చిన వారికి గేటు తెరచుట, వేకువను నీటిమోటారు వేయుట అతని పని. ఆయన ఇరువదినాలుగేండ్లు భారత సైన్యపు గగనరక్షణదళమున కొలువుచేసి హవల్దారుగా విరమించిన మనుష్యుడు. అందు సగముకాలము రాడారు తెరయెదుట గడపినాడు. మిగిలిన కాలము ఫిరంగులను, వానిని త్రిప్పు యంత్రములను, వానికి విద్యుత్తునిచ్చు జనరేటరులను బాగుచేయుచు గడపినాడు.

మొన్న వేసవిలో ఒక రాత్రి కరెంటుపోయి, జనరేటరు కదలక, లిఫ్టులో ఒక వృద్ధురాలు చిక్కుకొన్నది. మెకానిక్కు వచ్చునప్పటికి గంట పట్టునని తెలిసి ఈ హవల్దారు తానే లోనికిపోయి పదినిమిషములలో జనరేటరును నడిపించెను. మరునాడు ఆయనకు లభించిన బహుమానమేమి? గేటు విడిచిపోయినందుకు మందలింపు! ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, ఆ భవనమున కాపురముండు నా కక్షిదారు నవ్వుచు చెప్పెను. నాకు నవ్వు రాలేదు.

2025 మే నెల 7వ తేదీనుండి 10వ తేదీవరకు దేశమంతయు ఎవరి పేరు జపించెనో పాఠకులకు జ్ఞాపకముండును. 8వ తేదీ రాత్రి పడమటి సరిహద్దు పొడవున 36 తావులపైకి 300 మొదలు 400 వరకు డ్రోనులు వచ్చెనని ప్రభుత్వమే ప్రకటించెను. వానిని కూల్చినవారిలో, స్వీడను దేశమునుండి వచ్చి మనచేత నవీకరింపబడిన పాత ఎల్-70 ఫిరంగుల వెనుక నిలిచినవారు కలరు. హైదరాబాదున రూపొంది అక్కడి భారత్ డైనమిక్సు సంస్థలో తయారైన ఆకాశ్ క్షిపణులను నడపినవారు కలరు. పలు రాడారుల చూపును ఒక్కచిత్రముగా కూర్చు ఆకాశ్‌తీర్ వ్యవస్థముందు కూర్చున్నవారు కలరు. ఆ నాలుగు దినములు మన పత్రికలు వారికి హారతులు పట్టెను. మంచిదే. కాని వారిలో ప్రతియొక్కడును ఏదో యొకనాడు, నలువదియేండ్ల ప్రాయమునకు అటునిటుగా, సంచి భుజమున వేసికొని ఇంటికి రావలసినవాడే. ప్రతియేటను మూడు సేనలనుండి సుమారు 60 వేలమంది అట్లు వచ్చుచున్నారు. ఆ వచ్చినవానికి మనము చూపు ద్వార మేది? గేటు!

ఇది అతిశయోక్తి యనువారు 2005వ సంవత్సరపు ప్రయివేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టము తీసి పదవ సెక్షను చదువవలెను. కావలివానిని నియమించునపుడు మాజీ సైనికునకు ప్రాధాన్య మీయవచ్చునని అందున్నది. రక్షణమంత్రిత్వశాఖ క్రింది పునరావాస డైరెక్టరేటు సయితము కావలిసంస్థలను పట్టికకెక్కించి, వానికి కొలువులు చూపుటను తన ముఖ్యకార్యములలో నొకటిగా చేసికొన్నది. కావలి పని నీచమని నే ననుట లేదు. నిజాయతీగా చేయు ఏ పనియు నీచము కాదు. కాని వైద్యుడు ఊరికి వచ్చినపుడు అతనిచేత ఆసుపత్రి ముంగిలి ఊడ్పించి, "ఎంత శుభ్రముగా ఊడ్చుచున్నాడు! ఎంత క్రమశిక్షణ!" యని మెచ్చుకొను గ్రామమును మన మేమందుము? సైనికుని క్రమశిక్షణను మనము పొగడునది తరచుగా అతని విద్యను అడుగకుండుటకే.

ఆ విద్య యెట్టిదో చూతము. రాడారు తెరపై కనబడు ప్రతిచుక్కయు విమానము కాదు. కొంగలబారు చుక్కయే, వానమబ్బు చుక్కయే, కొండకొమ్ము చుక్కయే, మన విమానము చుక్కయే, శత్రువు చుక్కయే. ఏది యేదియో క్షణములలో తేల్చవలెను. మనదైనచో సంకేతమున కది బదులు చెప్పవలెను. చెప్పనిచో వేగమెంత, ఎత్తెంత, ఏ దిక్కున పోవుచున్నదో గ్రహించి పైవారికి తప్పులేని మాటలలో అందింపవలెను. ఒక్కమాట తప్పినచో స్వకీయ విమానమే కూలవచ్చును. ఈ పనిని రాజస్థాను ఇసుకలో, ఎండ మండునపుడు, యంత్రములోనికి దుమ్ము చొరకుండ కాపాడుకొనుచు చేయవలెను. పహరా మారునపుడు వచ్చువానికి పోవువాడు పరిస్థితి నంతయు అప్పగింపవలెను. ప్రతి సంఘటనయు వేళతో సహా వ్రాసియుంచవలెను. గంజాము మండలమున గోపాలపురమునందలి గగనరక్షణ కళాశాలలో ఈ విద్యను ప్రభుత్వమే తన ధనముతో నేర్పుచున్నది.

ఇపుడు ఇదే మనుష్యుని మచిలీపట్టణమునందో విశాఖపట్టణమునందో గల తుపాను రాడారు కేంద్రమున నిలుపుడు. తెర అదే, చుక్క అదే, ఇచట వెదకునది శత్రువును గాక సుడిగాలిని. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మరువని జాతికి ఆ తెరముందు మెలకువగల కన్ను ఎంత విలువైనదో వేరుగా చెప్పవలెనా? విద్యుత్తు పంపిణీని గంటగంటకు తూచు నియంత్రణ కేంద్రమున, రైళ్ల రాకపోకలను నడపు కంట్రోలు గదిలో, విమానాశ్రయపు రాడారు మరమ్మతుశాలలో, 2021 నియమావళి తరువాత దేశమంతట వ్యాపించిన డ్రోనుల పర్యవేక్షణలో కావలసినది ఈ నిదానమే, ఈ అప్పగింతయే, ఈ లెక్కయే.

ఇతర జాతులు ఈ సంగతి ఎన్నడో గ్రహించినవి. 1945 డిసెంబరులో ఇంగ్లండున బెర్నార్డ్ లోవెల్ అను శాస్త్రజ్ఞుడు సైన్యము వాడి విడిచిన విమానవిధ్వంసక రాడారును జోడ్రెల్ బ్యాంకు పొలములోనికి ఈడ్పించి ఉల్కలను పరిశీలించెను. నేటి ఆ మహావేధశాలకు అదియే ఆరంభము. 1940లో విమానవిధ్వంసక ఫిరంగుల గురి చక్కబెట్టుటకు పిలువబడిన బ్లాకెట్ పండితుని బృందము చేసిన పనినుండి ఆపరేషన్సు రీసెర్చి యను శాస్త్రమే పెరిగెను. ఆ బ్లాకెట్ పండితునే 1948లో మన ప్రభుత్వము రక్షణశాస్త్ర విషయమున సలహా కడిగెను. అమెరికా తన గగనరక్షణకై కట్టిన సేజ్ అను గణనయంత్ర వ్యవస్థలో నేర్చిన పాఠములే 1964 నాటికి విమాన టిక్కెట్లు కేటాయించు సేబర్ వ్యవస్థకు పెట్టుబడియైనవి. యంత్రమునకు ఇంత సులభముగా పౌరజీవనమున చోటు దొరకుచుండగా, మన దేశమున మనుష్యునకు దొరకకుండుటకు కారణమేమి?

కారణము కాగితములో నున్నది. నేను న్యాయవాదిని. కాగితము చదువుట నా వృత్తి. మాజీ సైనికుల పునర్నియామకమునకై 1979లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములలో సి-తరగతి ఉద్యోగములందు నూటికి పది వారికి కేటాయింపబడినవి. ఉన్నత పాఠశాల పరీక్ష నెగ్గి, పదునైదేండ్లకు తక్కువగాక కొలువుచేసినవానిని పట్టభద్రునితో సమానముగా ఎంచవచ్చునని పిమ్మట ఒక సడలింపు చేర్పబడినది. ఎంత ఉదారము! కాని ఆ వాక్యము అంతటితో ఆగలేదు. సాంకేతిక లేక వృత్తిపరమైన అనుభవము అవసరము కాని ఉద్యోగములకు మాత్రమే యని అందున్నది. సాంకేతికము కాని అనుభవము కోరబడినచో, కొలది శిక్షణతో పని చేయగలడని అధికారి నమ్మినపుడు అంగీకరింపవచ్చును. సాంకేతికానుభవము కోరబడినచో తలుపు మూతయే.

పాఠకులు దీనిని మరల చదువుదురుగాక. పదునైదేండ్లు యంత్రములతో బ్రదికినవానిని పట్టభద్రుడని యొప్పుకొందురట, యంత్రములతో పనిలేని చోట! అతనికి తెలిసిన పని ఎదురైన మరుక్షణము అతడు చదువురానివాడై పోవును. నా హవల్దారు ఒక ప్రభుత్వ కార్యాలయమున ఎలక్ట్రానిక్సు పరికరములు చూచుకొను ఉద్యోగమునకు అర్జీ పెట్టుకొనెను. పట్టమును, రెండేండ్ల సాంకేతికానుభవమును కోరిరి. ఇరువదినాలుగేండ్ల అనుభవము కలదని ఈయన వ్రాసెను. ఉద్యోగము సాంకేతికానుభవమును కోరుచున్నందున సడలింపు వర్తింపదని ఒకటిన్నర పంక్తి జాబు వచ్చెను. ఉద్యోగము అనుభవజ్ఞుని కోరుచున్నది గనుక అనుభవజ్ఞునకు చోటు లేదని దీని తాత్పర్యము. ఇరువదేండ్లుగా కోర్టులలో తిరుగుచున్నాను. ఇంతకంటె వింతయైన తర్కమును ప్రతిపక్ష వకీలు నోటనైన వినలేదు.

దీనికి పెద్దలు చెప్పు సమాధానములు రెండు. పట్టము చేతబట్టుకొని వీధులవెంట తిరుగు యువకుల నోటి కూడు తీయుదువా యని మొదటిది. ఎవరి కూడును నేను తీయుట లేదు. చట్టము ఇదివరకే వేరుచేసియుంచిన పదింటిలో, అర్హులు లేరని యేటేట ఖాళీపడు చోట్లనే అడుగుచున్నాను. అర్హులను పుట్టనీయని వాక్యము వ్రాసి, అర్హులు లేరని చింతించుట యేమి న్యాయము?

రెండవ సమాధానము బరువైనది. శత్రువిమానమును కూల్చుట వేరు, ప్రయాణికుల విమానములను ఒకదాని కొకటి తగులకుండ నడపుట వేరు. ప్రాణములతోడి పనిలో దయాదాక్షిణ్యములకు తావులేదందురు. నిజమే. విమానాశ్రయ సంస్థ తన ఆకాశనియంత్రకులకు భౌతిక గణితశాస్త్రములలో పట్టమునో ఇంజనీరింగునో కోరుట ఊరక కాదు. ఏ హవల్దారునైన రేపే ఆ గోపురమెక్కింపుడని నేను కోరను. నేను కోరునది పరీక్ష. పరికరమును అతనియెదుట పెట్టుడు, చెడగొట్టి పెట్టుడు, గడియారము చూచుచు నిలువుడు. బాగుచేయలేనిచో ఇంటికి పంపుడు. పరీక్షలో ఓడిన సైనికుడు తలవంచుకొని పోవును. అతనికి అలవాటే. పరీక్షయే లేదని చెప్పుట అతనికి అర్థము కాదు.

సైన్యమునకును ఒక మాట చెప్పవలసియున్నది. ఈయన డిశ్చార్జి పుస్తకము నేను చూచితిని. నడవడి ఆదర్శప్రాయమని యున్నది, ఆయుధముల పేళ్లును శిక్షణల పొడిఅక్షరములును ఉన్నవి. కాని ఆ మనుష్యుడు ఏమి చేయగలడో పౌరలోకపు అధికారికి తెలియు భాషలో ఒక్క వాక్యము లేదు. సైనిక వృత్తులకును పౌర వృత్తులకును సామ్యము చూపు పట్టిక యొకటి పునరావాస డైరెక్టరేటు వారికడ ఉన్నమాట నిజమే. వంటవానికి వంటవాడు, బండి నడపువానికి బండి నడపువాడు అందు సులువుగ కుదురుదురు. ఫిరంగివానికి సామ్యమెక్కడ? పనిని చూడక పేరును చూచిన పట్టికలో ఫిరంగి యెప్పుడును ఫిరంగియే. హవల్దారులకు సయితము ఈ దోషమున పాలున్నది. "ఏమి చేసితివి?" అని నేనడిగితే ఆయన మొదట దళము పేరును, ఫిరంగి పేరును చెప్పి ఊరకుండెను. తాను రేయింబవళ్లు చేసినది విద్యయని ఆయనకే తోచలేదు. నేను గంటసేపు ప్రశ్నలడిగి రెండు కాగితములు నింపితిని.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖమీదను కాకినాడమీదను బాంబులు వేసినపుడు మనకు ఆకాశమును కాచు మన కన్ను లేదు. నేడు అది కలదు. దాని తరువాతి తరము మరింత చిన్నవయసుననే ఇంటికి వచ్చుచున్నది. 2022 జూనులో ప్రకటింపబడిన అగ్నిపథ పథకము ప్రకారము నాలుగేండ్ల పిమ్మట నూటికి ఇరువదియైదుగురికి మించి నిలుపుకొనరు. తొలి జట్టు గడువు 2026 చివరనుండి తీరును. వారి శిక్షణను పట్టపుచదువులో సగము విలువగా ఎంచుటకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము ముందునకు వచ్చినది. శిక్షణ చదువేయని ఒకచోటనైన ఒప్పుకొనిరి. ఒక విశ్వవిద్యాలయమునకు తోచినది నియామక శాఖలకు ఏల తోచరాదు? పదునైదేండ్ల సడలింపు ఈ నాలుగేండ్లవారికి ఎట్లును అందదు. సాంకేతిక ఉద్యోగములను మినహాయించు ఆ వాక్యమును కొట్టివేసి, పదునైదేండ్లను కుదించి, చేతిపని పరీక్షను చేర్చుటకు క్రొత్త చట్టముతో పనిలేదు. నియమములను సవరించుటకు ఒక ప్రకటన చాలును. మన పార్లమెంటు సభ్యులు ఈ ప్రశ్నను సభలో అడుగుదురా? మన మచిలీపట్టణమున భారత్ ఎలక్ట్రానిక్సు కర్మాగారము, హైదరాబాదున భారత్ డైనమిక్సు కర్మాగారము నున్నవి. ఆ సంస్థల పాలకులైనను, తాము చేసిన పరికరములను యుద్ధమున వాడినవారిని పిలిచి పరీక్షింతురా?

నా హవల్దారు రెండవ అర్జీ నేడు రిజిష్టరు పోస్టున పంపితిని. విద్యార్హత యను గడిలో ఇంటర్మీడియెటు అని వ్రాసి, దానిక్రింద ఆ రెండు కాగితములను జతచేసితిమి. సంతకము చేసి ఆయన గడియారము చూచుకొనెను. ఏడున్నరయైనది, ఎనిమిదింటికి గేటు చేరవలెను.