చేతిపని: అంచు దగ్గర బెజ్జం

ఈ నెల శీర్షిక మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మంగఫ్‌లో మా పక్క ఫ్లాటు పిన్నిగారి పనస పీటను మేము చీల్చాం.

వాళ్ల అమ్మగారు పెళ్లిలో కూర్చున్న పీట అది. ఊరినుంచి సామానుతో పాటు మోసుకొచ్చారు. అంచున ఉన్న ఇత్తడి పట్టీ ఊడింది. పాత బెజ్జాలు వదులైపోయాయి. శుక్రవారం మనవడి అన్నప్రాశన. "మీరు ఇంజనీరు కదా బాబూ, నాలుగు మరలు బిగించి పెట్టరూ?" అన్నారు. నాలుగు మరలేగా అని, కొలవకుండా కంటి అంచనాతో కానిచ్చాం. రెండో మర బిగిసేసరికి టప్పుమని చప్పుడు. వేలెడు పొడుగున నెర్రె! ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

ఎందుకు చీలింది? బెజ్జానికీ అంచుకీ మధ్య మిగిలేది సన్నని గోడ. మర పక్కకి నెడితే దానికి ఆనిక లేదు. ఏసీ గాలికి ఎండిన కలప మరీ తొందరగా చీలుతుంది. ఉక్కుకే ఈ జాగ్రత్త తప్పదు. మన ఐఎస్ 800 (2007) ప్రకారం బెజ్జం మధ్యనుంచి అంచుకి దూరం, రంపంతో కోసిన అంచుకైతే బెజ్జం వ్యాసానికి కనీసం 1.5 రెట్లు, కత్తిరించిన అంచుకైతే 1.7 రెట్లు ఉండాలి. కలపకి ఇంకా ఎక్కువ వదలాలి. పగలు ఆఫీసులో ఈ లెక్కలు చూసేవాళ్లమే, సాయంత్రం ఇంట్లో మరిచాం.

నెర్రెలోకి కలప జిగురు ఎక్కించి, రాత్రంతా క్లాంపు బిగించి ఉంచి, మర్నాడు పద్ధతిగా మొదలెట్టాం. అంచునుంచి కొలిచి గీత గీశాం. దబ్బనంతో చిన్న గుంట పొడిచాం. లేకపోతే సన్నని బిట్టు జారుతుంది. బిట్టు చక్‌లోంచి అవసరమైనంతే బయటికి ఉంచాం, పొడుగైతే వంగుతుంది. అంచుకి బయటివైపు ఒక చెక్కముక్క ఆనించి, రెంటినీ కలిపి క్లాంపు వేశాం. ఇదే అసలు కిటుకు: పల్చని గోడకి పక్కన తోడు దొరుకుతుంది. 3 మిల్లీమీటర్ల మరకి కలపలో 2 మిల్లీమీటర్ల బెజ్జం చాలు. ఇత్తడి పట్టీలో మాత్రం మర వదులుగా దూరాలి. బలంగా నొక్కకుండా, మధ్యమధ్య బిట్టు పైకి తీసి పొట్టు దులిపాం. మరకి కొవ్వొత్తి మైనం రాసి, చేత్తోనే బిగించాం.

కొత్త వస్తువు చేసేవారికి ఇంకా సులువు: ముందు బెజ్జం వేసి, తరవాత అంచు కోయండి.

ముత్యానికి బెజ్జం వేసేవారూ సగం ఇటునుంచి, సగం అటునుంచి తొలుస్తారు. ఒక్క వైపునుంచే పోనిస్తే అవతలి అంచు పెచ్చు లేస్తుంది. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలు, ప్రపంచ ఆర్థికమాంద్యం దెబ్బతీసేదాకా ఈ తీరానికి ముత్యాలే బతుకు. తొందరపడితే ఒక్క క్షణంలో నెలల శ్రమ పోయేది.

శుక్రవారం మనవడు ఆ పీట మీదే బుద్ధిగా కూర్చున్నాడు. జిగురు గీత మాత్రం కనిపిస్తూనే ఉంది. "పోనీలెండి, ఇహ మీరూ గుర్తుంటారు" అన్నారు పిన్నిగారు.

ఈ ఇళ్లలో ఊరినుంచి తెచ్చుకున్న వస్తువులకి రెండోది దొరకదు. డ్రిల్ తీసేముందు స్కేలు తీయండి. వచ్చే నెల కలుద్దాం.