కొలెస్ట్రాల్ మగవాళ్ల జబ్బేనా?

ఆయనకి కొలెస్ట్రాల్ ఎక్కువుందని తెలిసిన రోజు నుంచీ ఇంట్లో వేపుళ్లు మానేశారు. పెరుగు మీద మీగడ తీసేస్తున్నారు. గారెలు పండక్కి మాత్రమే. బాగానే ఉంది. మరి మీ కొలెస్ట్రాల్ ఎంతో ఎప్పుడైనా చూపించుకున్నారా? "నాకేంటండీ, సన్నగానే ఉన్నాగా!" అంటారు చాలామంది. అక్కడే పొరపాటు.

కొలెస్ట్రాల్ అంతా తిండితో వచ్చేది కాదు. ఎక్కువ భాగం మన శరీరమే తయారుచేసుకుంటుంది. రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ని, అంటే ఎల్.డి.ఎల్.ని, పట్టి లాగేసే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. ఈ గ్రాహకాల గుట్టు విప్పిన అమెరికా శాస్త్రజ్ఞులు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటికి సంబంధించిన జన్యువులో లోపముంటే, ఎంత పథ్యం చేసినా ఎల్.డి.ఎల్. పుట్టుక నుంచే ఎక్కువగా ఉంటుంది. సుమారు 250, 300 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఆడపిల్లా, మగపిల్లాడా అని అది చూడదు.

అయితే ఆడవాళ్లకి ఈస్ట్రోజెన్ హార్మోను కొంత అండ. ముట్లుడిగాక ఆ అండ తగ్గి, ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. అందుకే గుండెజబ్బు సాధారణంగా మగవాళ్లకన్నా మనకి కొన్నేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా వస్తుందంటే అసలు రాదని కాదు కదా!

ఇవి గుర్తుంచుకోండి:

* తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే, మీరు తప్పకుండా 'లిపిడ్ ప్రొఫైల్' చేయించుకోండి.
* ఎల్.డి.ఎల్. 190 దాటితే వంశపారంపర్యమేమో డాక్టరుగారిని అడగండి. అదే అయితే పిల్లలకీ, తోబుట్టువులకీ కూడా పరీక్ష అవసరం.
* మంచి కొలెస్ట్రాల్, అంటే హెచ్.డి.ఎల్., మగవాళ్లకి 40కి, ఆడవాళ్లకి 50కి తగ్గకూడదు.
* థైరాయిడ్ మందగించినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అదీ చూపించుకోండి.
* గర్భిణులకి కొలెస్ట్రాల్ సహజంగానే పెరుగుతుంది. కంగారుపడకండి. కొలెస్ట్రాల్‌కి మందులు వాడుతున్నవాళ్లు మాత్రం బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరుగారికి ఆ సంగతి చెప్పాలి.

వంశపారంపర్యమని దిగులు పడక్కర్లేదు. ముందే తెలిస్తే మంచి మందులున్నాయి. ఈసారి ఆయన్ని రక్తపరీక్షకి తీసుకెళ్లినప్పుడు, పక్కన కూర్చుని రాకుండా మీరూ చెయ్యి చాపండి!