రంగు మారిన బండి

ఏ బ్రౌజర్ మంచిదని అడిగితే మనవాళ్లు వెంటనే స్పీడూ, ర్యామూ లెక్కలు తీస్తారు. సరే, క్రోమ్ నచ్చక ఎడ్జ్‌కో, బ్రేవ్‌కో, ఒపేరాకో వెళ్లామనుకుందాం. ఎక్కడికి వెళ్లినట్టు? ల్యాప్‌టాప్‌లో వీటన్నిటి లోపలా నడిచేది గూగుల్ పెత్తనంలోని క్రోమియమే. ఒపేరా 2013లో సొంత ఇంజన్ వదిలేసింది, ఎడ్జ్ 2020లో. రంగు మారింది గానీ బండి అదే.

"ఏదైతే ఏం, పనవుతోందిగా" అంటారు. 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 తోనూ పనయ్యింది. పోటీ లేదు కాబట్టి తర్వాతి వెర్షన్ 2006 దాకా రాలేదు.

ఈ తప్పులో నాకూ వాటా ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో బటన్ పనిచేయట్లేదని బగ్ వస్తే, "క్రోమ్ వాడండి" అని రాసి మూసేసేవాణ్ణి. అలా ఎంతమందిని అటు తోశానో!

పోయిన నెల ఫైర్‌ఫాక్స్‌కి మారాను. అదేమీ మడి కట్టుకుని కూర్చోలేదు, దాని ఆదాయంలో పెద్ద వాటా గూగుల్ సెర్చ్ ఒప్పందానిదే. అయినా ఇంజన్ వేరు, నాకు అది చాలు. ఒకట్రెండు సైట్లు మొరాయిస్తున్నాయి. మొరాయించినప్పుడల్లా, అది రాసింది నాలాంటివాడేనని గుర్తొస్తోంది.

మీరు బ్రౌజర్ మారకపోయినా పర్లేదు. కోడ్ రాసేవాళ్లైతే మాత్రం, బగ్ మూసేముందు ఒక్కసారి రెండో ఇంజన్‌లో తెరిచి చూడండి.