కూలింది ఎందుకో తెలుసుకోవాలా, నచ్చిన కథ నమ్మాలా?

2012 లేబర్ డే సెలవులకు రెడ్‌మండ్‌లో ఒక మిత్రుడి ఇంట్లో నాలుగైదు కుటుంబాలం కలిశాం. ఆ రోజు సెప్టెంబర్ 2. వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలి సరిగ్గా మూడేళ్ళు. భోజనాల దగ్గర ఆ మాట రానే వచ్చింది.

"అది యాక్సిడెంట్ కాదన్నా, కావాలని చేసిన్రు" అన్నాడు ఒక తమ్ముడు.

"త్యాగి కమిటీ ఏం చెప్పిందో చదివినవా?" అని అడిగాను. చదవలేదు. ఆ గదిలో ఎవరూ చదవలేదు.

తెలంగాణకు వైఎస్ అడ్డుపడ్డాడన్న కోపం మనకు ఉంది, అది దాచుకోవలసిన పని లేదు. కానీ ఆయన మరణం గురించి ఏది పడితే అది మాట్లాడటానికి ఆ కోపం లైసెన్సు కాదు. ఆ హెలికాప్టర్‌లో ఇద్దరు పైలట్లతో సహా ఐదుగురు పోయారు. కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ విని కమిటీ తేల్చింది ఇది: ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సమస్య మీద పైలట్లు ఆరు నిమిషాలకు పైగా తలమునకలయ్యారు. ఈలోగా హెలికాప్టర్ భీకరమైన వాతావరణంలోకి వెళ్ళి, కిందికి తోసే గాలిలో చిక్కి అదుపు తప్పింది. కుట్రకు ఆధారం దొరకలేదు.

ఈ మాట జనంలోకి సరిగా వెళ్ళకపోతే ఏమవుతుందో 2010 జనవరిలో చూశాం. ఎక్కడో ఒక వెబ్‌సైట్‌లో వచ్చిన ఆధారం లేని కథనాన్ని టీవీలో వేస్తే, ఆ రాత్రే రిలయన్స్ దుకాణాల మీద దాడులు జరిగాయి.

ముఖ్యమంత్రి కాబట్టి నిపుణుల కమిటీ వేశారు. మరి సౌందర్య? 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి చిన్న సెస్నా విమానంలో ఆమె బయలుదేరింది మన కరీంనగర్‌కే, బీజేపీ ప్రచారానికి. ఎగిరిన కాసేపటికే విమానం కూలి కాలిపోయింది. ఆమె అన్న, పైలట్‌తో సహా నలుగురూ చనిపోయారు. ఏడ్చాం, ఆమె పాటలు మళ్ళీ మళ్ళీ చూశాం. ఇంజన్ ఆగిందా, బరువు ఎక్కువైందా, పైలట్ పొరపాటా అని మనలో ఎంతమందిమి అడిగాం?

మనం ఉంటున్న ఈ దేశంలోనూ అలాంటి ఘటనే జరిగింది. ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేసిన సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ 2002 అక్టోబర్ 25న, ఎన్నికలకు 11 రోజుల ముందు, మిన్నెసోటాలో చిన్న విమానం కూలి చనిపోయాడు. భార్య, కూతురు సహా మొత్తం ఎనిమిది మంది. కుట్ర అన్నవాళ్ళు ఇక్కడా ఉన్నారు. కానీ 2003 నవంబర్‌లో ఎన్‌టీఎస్‌బీ కారణం చెప్పింది: దిగే సమయంలో పైలట్లు తగినంత వేగం నిలుపుకోలేదు, రెక్కలకు పట్టు పోయి విమానం పడిపోయింది. నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు, కానీ వాదించడానికి ముందు ఒక కాగితం ఉంది. అది సెనేటర్లకు మాత్రమే కాదు. పేరు లేని మనిషి నడిపిన చిన్న విమానం కూలినా సరే, 1962 నుంచి జరిగిన ప్రమాదాల వివరాలు ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు.

తేడా తెలివిలో లేదు, ఏర్పాటులో ఉంది. ఎన్‌టీఎస్‌బీని 1974 చట్టంతో రవాణా శాఖ నుంచి పూర్తిగా విడదీశారు. మన దగ్గర పైలట్‌కు లైసెన్సు ఇచ్చేదీ, విమానానికి సర్టిఫికెట్ ఇచ్చేదీ, కూలితే విచారించేదీ 2012 దాకా డీజీసీఏనే. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నట్టు. 2012 జూలైలో ప్రమాదాల దర్యాప్తుకు ఏఏఐబీ అని వేరే సంస్థ పెట్టారు, సంతోషం. కానీ అదీ అదే విమానయాన శాఖ కింద ఉంది.

మేం చేసే పనిలో సర్వర్ పడిపోతే తెల్లారేసరికి రాయాల్సింది ఎవరిని తిట్టాలో కాదు, ఎందుకు పడిందో, మళ్ళీ పడకుండా ఏం చేయాలో. విమాన దర్యాప్తు ఉద్దేశం కూడా అదే.

మిత్రులారా, ముల్కీ నిబంధనల నుంచి శ్రీకృష్ణ కమిటీ దాకా "లెక్కలు చూపించండి, కాగితాలు బయటపెట్టండి" అని అడుగుతూ వచ్చినవాళ్ళం మనం. మనకు గిట్టనివాళ్ళ చావు దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు పోతే, మన లెక్కలను ఎవరు నమ్ముతారు? 2014లో మన రాష్ట్రం వచ్చింది. మన నాయకులూ అవే హెలికాప్టర్లు ఎక్కుతారు. ఇకనైనా, ముందు రిపోర్టు చదివి తర్వాత మాట్లాడే అలవాటు ఇప్పుడే చేసుకుందాం.